మల్లన పద్యంలోని ఇరవై అంకెల సంఖ్యను చేత్తో కారణాంకాలుగా విడగొట్టడం ఎలా?

పల్లెబడి_లెక్కలు:

అందరికీ నమస్కారం. నేను జనగామ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పదో తరగతికి వాస్తవ సంఖ్యల పాఠం నడుస్తోంది. ఏ సంయుక్త సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయగలం అన్న సిద్ధాంతం దగ్గర ఎప్పుడూ 3825, 7429 లాంటి చిన్నవే చేయిస్తాం. ఈసారి కాస్త పెద్దది ఇద్దామనిపించి పావులూరి మల్లన పద్యం తీసుకున్నాను. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్లలో కలిపి ఎన్ని గింజలవుతాయో పదకొండో శతాబ్దంలోనే ఆయన తెలుగు పద్యంలో చెప్పాడు కదా. సంఖ్య ఉన్న భాగం ఇది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు

మా తెలుగు సార్ క్లాసుకొచ్చి విడమరిచి చెప్పారు. శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, మళ్లీ శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3... చివరికి కుంజర 8, తుహినాంశు 1. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు పేర్చుకుంటూ పోతే వచ్చింది 18446744073709551615.

పిల్లలకు భలే నచ్చింది. అంతలో వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు లేచి, "టీచర్, దీన్ని కూడా ప్రధాన సంఖ్యలుగా విడగొట్టొచ్చు కదా, చేద్దామా?" అన్నాడు. సరే అన్నాను. చివర 5 ఉంది కాబట్టి 5 పోతుంది. అంకెల మొత్తం 87 కాబట్టి 3 పోతుంది. 15తో భాగిస్తే 1229782938247303441 మిగిలింది. తర్వాత 7 పోలేదు, 11 పోలేదు, 13 దగ్గరికొచ్చేసరికి గంట కొట్టారు.

ఇంటికొచ్చి ఫోన్‌లో చూస్తే 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417 అని వచ్చింది. ఈ జవాబు ఫోన్ చెప్పిందని పిల్లలకు చెప్పడం నాకిష్టం లేదు. చాక్‌పీసుతో చేసి చూపించే దారి ఉందా? 17, 257, 65537 సంగతి కాస్త ఊహించగలను. ఆ 641 మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావడం లేదు.

కోడ్_వైజాగ్:

మేడమ్, ఇది మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా తెలిసిన సంఖ్య. 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణ సంఖ్య ఇదే. బైనరీలో రాస్తే వరసగా అరవై నాలుగు ఒకట్లు, ఇంకేమీ ఉండదు.

అలా చూస్తే విడగొట్టడం కూడా సులభమే. మన మామూలు పద్ధతిలోనే 11111111 తీసుకోండి. అది 1111 × 10001 అని పిల్లలు వెంటనే చెప్తారు. 1111 మళ్లీ 11 × 101. బైనరీలో అరవై నాలుగు ఒకట్లకూ ఇదే పని చేస్తుంది. ముప్పై రెండు ఒకట్లు ఒక పక్క; ఒకటి, ముప్పై ఒక్క సున్నాలు, ఒకటి ఇంకో పక్క. మీరు చెప్పిన 17, 257, 65537 అన్నీ ఆ రెండో రకానివే: 10001, 100000001 అలా. 641 సంగతి తెలిసినవాళ్లు చెప్పాలి, నేనూ వినాలనుకుంటున్నాను.

కోనసీమ_లెక్చరర్:

అమ్మా, ఇంటర్మీడియట్ పిల్లలకు చాలా ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మీ వెనక బెంచీ పిల్లవాడి ప్రశ్న చదివి చాలా సంతోషం వేసింది. దీన్ని పూర్తిగా చేత్తో చేయొచ్చు, అదీ పదో తరగతి సరంజామాతోనే. దయచేసి ఫోన్ జవాబు పిల్లలకు ముందే చెప్పేయకండి.

మొదట బోర్డు మీద ఉన్న ఇరవై అంకెలూ చెరిపేయండి. 7, 11, 13 అంటూ వాటి వెంట పడితే ఎక్కడికీ చేరం. సంఖ్య ఎలా పుట్టిందో మీ పిల్లలకు తెలుసు. 1 + 2 + 4 + 8 అంటూ అరవై నాలుగు పదాలు కూడితే 2⁶⁴ − 1. ఆ రూపంలోనే రాయండి. రాసి కాసేపు ఊరుకోండి. ఎవరో ఒకరు "ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్" అని అరుస్తారు. 2⁶⁴ అంటే 2³²కి వర్గం, 1 అంటే 1కి వర్గం. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² + 1)(2³² − 1)

రెండో బ్రాకెట్ మళ్లీ అదే రూపంలో ఉంది. దాన్ని విడగొడితే (2¹⁶ + 1)(2¹⁶ − 1). అలా దిగుతూ పోతే

(2³² + 1)(2¹⁶ + 1)(2⁸ + 1)(2⁴ + 1)(2² + 1)(2 + 1)(2 − 1)

చివరి బ్రాకెట్ విలువ 1, దాన్ని వదిలేయొచ్చు. అంకెల్లో వేస్తే 4294967297 × 65537 × 257 × 17 × 5 × 3. ఎనిమిదో తరగతి సర్వసమీకరణం ఒక్కటే వాడి ఇరవై అంకెల సంఖ్యను ఆరు ముక్కలు చేశాం.

3, 5, 17 ప్రధాన సంఖ్యలని అందరికీ తెలుసు. 257కి వర్గమూలం పదహారు దాటి ఏ కాస్తో ఉంటుంది, 13 వరకు చూస్తే చాలు. 65537ని కింద ఇంకో పోస్టులో రెండే భాగహారాలతో తేలుద్దాం. మిగిలింది 4294967297, అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. అసలు కథంతా దీని గురించే.

ఈ ఆరు ముక్కలకూ ఫెర్మా పేరు ఉంది. ఆయన ఫ్రాన్స్‌లో తులూజ్‌లో న్యాయాధికారి, లెక్కలు ఆయనకు ఇష్టంతో చేసుకునే పని. 2ని రెట్టింపవుతూ పోయే ఘాతాలకు (1, 2, 4, 8, 16...) హెచ్చించి 1 కలిపితే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందని 1640లో ఉత్తరాల్లో రాశాడు. 3, 5, 17, 257, 65537: అయిదూ ప్రధాన సంఖ్యలే. రుజువు దొరకలేదని ఆయనే చెప్పుకున్నాడు గానీ నమ్మకం మాత్రం గట్టిగా ఉంది. ఆరోది మన 4294967297.

దాదాపు తొంభై ఏళ్లు ఎవరూ దాన్ని కదపలేదు. 1729 డిసెంబరులో గోల్డ్‌బాఖ్ అనే ఆయన కుర్రవాడైన ఆయిలర్‌కి ఉత్తరం రాస్తూ, ఫెర్మా చెప్పిన ఈ సంగతి నీకు తెలుసా అని అడిగాడు. 1732లో ఆయిలర్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జవాబు చూపించాడు. 4294967297 ప్రధాన సంఖ్య కాదు, అది 641 × 6700417.

పిల్లలకు దీన్ని నమ్మించడానికి పది అంకెల భాగహారం అక్కర్లేదు, శేషాలు చాలు. 2⁸ అంటే 256. దాని వర్గం 65536, అదే 2¹⁶. దీన్ని 641తో భాగిస్తే 102 సార్లు పోయి 154 మిగులుతుంది. ఇప్పుడు 65536ని వర్గం చేసే బదులు శేషం 154ని వర్గం చేయండి: 23716. మళ్లీ 641తో భాగిస్తే 36 సార్లు పోయి 640 మిగులుతుంది. అంటే 2³²ని 641తో భాగిస్తే శేషం 640. దానికి 1 కలిపితే 641, నిశ్శేషంగా పోయింది. రెండు చిన్న భాగహారాలు, అంతే. ఈ ఘట్టం మీరు చేయకుండా పిల్లల చేత చేయించండి. ఆ 640 కనిపించినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

ఇక ఆయిలర్‌కి 641 ఎలా తట్టింది? 641 ప్రధాన సంఖ్యల వరసలో 116వది. వరసగా భాగించుకుంటూ వచ్చినా దొరికేదే, ఓపిక కావాలి, అంతే. కానీ అంత పని అక్కర్లేదు. 4294967297ని భాగించే ఏ ప్రధాన సంఖ్య నుంచైనా 1 తీసేస్తే మిగిలేది 64 గుణిజమై తీరాలి. అంటే 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... ఈ వరసలోనే వెతకాలి. ఇందులో 65, 385 చూడగానే 5తో పోతాయి. 129, 321, 513 మూడుతో పోతాయి. మిగిలినవి 193, 257, 449, 577, 641. అయిదోదే జవాబు.

నా మట్టుకు నాకు ఇందులో అతి అందమైన విషయం ఇది. ముక్కల్ని చిన్నవాటి నుంచి గుణించుకుంటూ రండి. 3 × 5 = 15. దాన్ని 17తో గుణిస్తే 255. దాన్ని 257తో గుణిస్తే 65535. దాన్ని 65537తో గుణిస్తే 4294967295. ప్రతిసారీ వచ్చే లబ్ధం తర్వాతి ముక్క కంటే సరిగ్గా రెండు తక్కువ. కాబట్టి 257 గానీ మరొకటి గానీ 4294967295ని భాగిస్తూ 4294967297ని కూడా భాగించాలంటే వాటి తేడా 2ని భాగించాలి. బేసి సంఖ్యకు అది కుదరదు. అంటే మన వెతుకులాటలో 257ని కనీసం ముట్టుకోనక్కర్లేదు.

పద్యం_ఇష్టం:

లెక్క గురించి నేను చెప్పగలిగింది లేదు గానీ పద్యం గురించి ఒక మాట. ఇది చంపకమాల. మొదటి పాదం "శర"తో మొదలైతే రెండో పాదం "ధర"తో, మూడోది "జర"తో మొదలవుతుంది, ప్రాస రేఫ. మొదటి పాదంలో యతి "శర"లోని శకారానికి "సాయక"లోని సాకారానికి. అయిదుకు శర అని ఒకచోట, సాయక అని ఇంకోచోట వాడింది అందుకే. ఇన్ని బంధాల మధ్య రాసుకునేవాడు పొరపాటున ఒక అంకె మారిస్తే గణమో యతో ప్రాసో దెబ్బతిని తెలిసిపోయే అవకాశం ఎక్కువ. తాటాకుల మీద చేతులు మారుతూ వచ్చిన ఇరవై అంకెలు ఒక్కటీ చెడకుండా మనదాకా రావడంలో ఛందస్సు చేసిన మేలు చాలా ఉందని నా నమ్మకం.

పల్లెబడి పిల్లలు అడిగితే చెప్పండి: రంధ్రాలు తొమ్మిది, ఎందుకంటే శరీరానికి నవరంధ్రాలు. పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు, నాలుగు. కుంజరాలు ఎనిమిది, దిగ్గజాలు కాబట్టి.

పల్లెబడి_లెక్కలు:

సార్, మీకు ఎన్ని థ్యాంక్సులు చెప్పినా తక్కువే. మీరు చెప్పినట్టే బోర్డు చెరిపేసి 2⁶⁴ − 1 రాశాను. మీరన్నట్టే ఇద్దరు ఆడపిల్లలు ఒకేసారి "ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్" అన్నారు. 154, 640 వచ్చిన లెక్క క్లాసు మొత్తం నోట్సులో చేశారు.

ఇప్పుడు అదే పిల్లవాడు ఇంకో మెలిక పెట్టాడు. "64 గుణిజానికి ఒకటి ఎక్కువ ఉన్నవే ఎందుకు చూడాలి? మధ్యలో ఉన్న 7, 19, 101 ఎందుకు భాగించవు?" అంటున్నాడు. వాడికి "అది సూత్రం" అని చెప్పి కూర్చోబెట్టడం నాకు మనసొప్పడం లేదు. శేషగణితం వాళ్ల సిలబస్‌లో లేదు. అయినా చెప్పొచ్చా?

కోనసీమ_లెక్చరర్:

తప్పకుండా చెప్పొచ్చమ్మా. సిలబస్‌లో లేదన్న టెన్షన్ వద్దు, భాగహారం వచ్చిన పిల్లలందరికీ అర్థమవుతుంది. ముందు ఒక చిన్న ప్రధాన సంఖ్య మీద చేయించండి. 17 తీసుకోండి. 1తో మొదలుపెట్టి రెట్టిస్తూ, 17 దాటినప్పుడల్లా 17 తీసేస్తూ పోవాలి:

2, 4, 8, 16, 15, 13, 9, 1

ఎనిమిదో అడుగులో 1 వచ్చింది. అక్కణ్ణుంచి మళ్లీ 2, 4, 8 అని అదే చక్రం తిరుగుతుంది. చక్రం పొడవు 8. ఇందులో పిల్లల చేత రెండు విషయాలు గమనింపజేయండి. ఒకటి, సరిగ్గా సగం దారిలో, నాలుగో అడుగులో, 16 వచ్చింది. అది 17 కంటే ఒకటి తక్కువ, అంటే మైనస్ ఒకటి లాంటిది. దాన్ని దానితోనే గుణిస్తే ప్లస్ ఒకటి అవుతుంది, అందుకే రెట్టింపు అడుగుల్లో 1 వచ్చింది. రెండు, చక్రం పొడవు 8, 17 కంటే ఒకటి తక్కువైన 16ని భాగిస్తుంది.

ఈ రెండోది ఎప్పుడూ నిజం. ప్రధాన సంఖ్య ఏదైనా (2 తప్ప), రెట్టింపుల చక్రం పొడవు ఆ సంఖ్యలోంచి 1 తీసేసినదాన్ని భాగిస్తుంది. 7కి చేస్తే 2, 4, 1: పొడవు 3, అది 6ని భాగిస్తుంది. 11కి చేస్తే పొడవు 10. 31కి 5. నాలుగైదు సంఖ్యలకు పిల్లలే చేసి చూడనివ్వండి. కారణం కూడా కష్టం కాదు. 7కి 2, 4, 1 ఒక చక్రం. మిగిలిన శేషాల్లో 3 తీసుకుని రెట్టిస్తే 3, 6, 5, మళ్లీ 3. అదీ మూడే. ఒకటి నుంచి ఆరు దాకా ఉన్న శేషాలన్నీ ఒకే పొడవున్న చక్రాలుగా విడిపోతాయి, ఏదీ మిగలదు, ఏదీ రెండు చక్రాల్లో ఉండదు. కాబట్టి పొడవు ఆరుని భాగించక తప్పదు.

ఇప్పుడు మన సంఖ్య దగ్గరికి రండి. ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ని నిశ్శేషంగా భాగించిందనుకుందాం. అంటే రెట్టిస్తూ పోతే 32వ అడుగులో మైనస్ ఒకటి వచ్చింది. అప్పుడు 64వ అడుగులో 1 వస్తుంది. చక్రం పొడవు 64ని భాగించాలి. అది 32 గానీ, 32ని భాగించే ఇంకేదైనా గానీ అయితే 32వ అడుగులో 1 వచ్చి ఉండేది, మైనస్ ఒకటి కాదు. కాబట్టి పొడవు కచ్చితంగా 64. అది ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేసినదాన్ని భాగించాలి. 7లోంచి 1 తీస్తే 6, 19లోంచి తీస్తే 18, 101లోంచి తీస్తే 100. వీటిలో దేన్నీ 64 భాగించదు. మీవాడికి ఇదీ జవాబు.

65537 కూడా దీనితోనే తేలిపోతుంది. అది 2¹⁶ + 1 కాబట్టి దాని కారణాంకాలు 32 గుణిజానికి ఒకటి ఎక్కువ ఉండాలి. వర్గమూలం 256. ఆ లోపల అలాంటి ప్రధాన సంఖ్యలు 97, 193 రెండే. 97తో శేషం 62, 193తో శేషం 110. పోలేదు, కాబట్టి 65537 ప్రధాన సంఖ్య.

చక్రం పొడవు గురించిన ఈ నియమం కూడా ఫెర్మాదే. అదే 1640లో మరో ఉత్తరంలో రాశాడు. తన చేతిలో ఉన్న సాధనంతో తన ఊహను తానే పరీక్షించుకుని ఉంటే 193, 449, 577 దాటగానే 641 దొరికేది. ఎన్నేళ్లుగా ఈ పాఠం చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నాకు మనసు కలుక్కుమంటుంది. అంత గొప్పవాడు, అంత దగ్గరగా ఉన్నాడు. ఆయిలర్ సైతం 641ని ముందు చూపించి, 64 నియమానికి రుజువు 1740ల చివర్లో గానీ రాయలేదు.

ఎమ్మెస్సీ_హన్మకొండ:

సార్ చెప్పిన శేషాల పద్ధతి పిల్లలకు బాగుంటుంది. ఆసక్తి ఉన్నవాళ్లకు భాగహారమే లేకుండా ఇంకో దారి ఉంది. 641ని రెండు రకాలుగా రాయొచ్చు:

641 = 5 × 2⁷ + 1
641 = 5⁴ + 2⁴

(640 + 1, 625 + 16.) మొదటి దాని ప్రకారం 641 దృష్టిలో 5 × 2⁷ అంటే మైనస్ ఒకటి. దాన్ని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే 5⁴ × 2²⁸ అంటే ప్లస్ ఒకటి. రెండో దాని ప్రకారం 5⁴ అంటే మైనస్ 2⁴. అది ఇందులో పెడితే మైనస్ 2³² అంటే ఒకటి. అంటే 2³² + 1 అంటే సున్నా. అయిపోయింది.

మాకు పీజీ మొదటి సెమిస్టర్‌లో నంబర్ థియరీ చెప్పిన మేడమ్ ఇది రెండు లైన్లలో రాసి చాక్‌పీసు పక్కన పెట్టినప్పుడు క్లాసంతా చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు 641కి.

పల్లెబడి_లెక్కలు:

చక్రాల లెక్క చేయించాను సార్. 7కి రెండు చక్రాలు, 17కి రెండు, 31కి ఆరు. పిల్లలు రంగు చాక్‌పీసులతో ఒక్కో చక్రానికి ఒక్కో రంగు వేశారు. 31కి రంగులు చాలలేదు.

చివరిగా ఒక్కటే మిగిలింది. 6700417 ప్రధాన సంఖ్య అని ఎలా చూపించాలి? దాని వర్గమూలం 2588 దాటుతుంది. 641 కంటే చిన్నవి ఎలాగూ పోవని తెలుసు గానీ అక్కడి నుంచి 2588 దాకా 64 నియమం ప్రకారం చూడాల్సినవి ఇంకా కొన్ని ఉన్నాయి కదా.

కోనసీమ_లెక్చరర్:

641 కంటే చిన్నవి పోవన్న సంగతి మీరే పట్టుకున్నారు, అది ముఖ్యం. 64 నియమంతో అయితే 641, 769, 1153, 1217, 1409, 1601, 2113 చూడాలి. 641ని మళ్లీ ఎందుకంటే అది రెండోసారి కూడా పోతుందేమో తేల్చుకోవాలి. కానీ నియమాన్ని ఇంకాస్త బిగించొచ్చు. 64 కాదు, 128. ఇది లూకా అనే ఫ్రెంచి గణితవేత్త తెచ్చిన మెరుగు.

కారణం ఇది. 256 × 65535 అనే సంఖ్య తీసుకోండి, విలువ 16776960. దీన్ని వర్గం చేసి 4294967297తో భాగిస్తే శేషం 2 వస్తుంది. చేత్తో చూడాలంటే: 65535 అంటే 2¹⁶ − 1. దాని వర్గం 2³² − 2¹⁷ + 1. ఇందులో 2³² + 1 మన దృష్టిలో సున్నా, కాబట్టి మిగిలేది మైనస్ 2¹⁷. 256 వర్గం 2¹⁶. రెండూ గుణిస్తే మైనస్ 2³³, అంటే మైనస్ 2³² ని రెండుతో గుణించినది. మైనస్ 2³² అంటే ప్లస్ ఒకటి. కాబట్టి 2.

అంటే 2కి ఇక్కడ ఒక వర్గమూలం దొరికింది. ఇప్పుడు రెట్టించే బదులు ఆ 16776960తోనే గుణించుకుంటూ పోతే, 2తో 32 అడుగుల్లో వచ్చిన మైనస్ ఒకటి దీనితో 64 అడుగుల్లో వస్తుంది. చక్రం పొడవు 128. కిందటిసారి చెప్పిన వాదనే మళ్లీ నడుస్తుంది.

ఇప్పుడు 641 నుంచి 2588 దాకా 128 గుణిజానికి ఒకటి ఎక్కువైన ప్రధాన సంఖ్యలు నాలుగే: 641, 769, 1153, 1409. మిగతావన్నీ, 897, 1025, 1281, 1537 లాంటివి, చిన్న కారణాంకాలతో పోతాయి; 1537 అంటే 29 × 53, అది మాత్రం కాస్త చూసుకోవాలి. 6700417ని 641తో భాగిస్తే శేషం 44. 769తో 120. 1153తో 334. 1409తో 622. ఏదీ పోలేదు. కాబట్టి అది ప్రధాన సంఖ్యే. క్లాసును నాలుగు గుంపులు చేసి ఒక్కో గుంపుకు ఒక్కో భాగహారం ఇవ్వండి.

అలా మల్లన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు, ఒక్కోటి ఒక్కసారే. ప్రతిదాన్నీ తీసుకోవచ్చు లేదా వదిలేయొచ్చు కాబట్టి మొత్తం భాజకాలు 2⁷, అంటే 128. ఇది కూడా పిల్లలే చెప్పగలరు.

మీవాడు ఇంకా ఆగకపోతే వాడికి ఒక పని ఇవ్వండి. మల్లన సంఖ్యకు 2 కలిపితే ఫెర్మా వరసలో తర్వాతిది వస్తుంది: 18446744073709551617, అంటే 2⁶⁴ + 1. దీన్ని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన 82 ఏళ్ల వయసులో విడగొట్టాడు, 274177 × 67280421310721 అని. 128 నియమం ఇక్కడ 256 అవుతుంది. 274177లోంచి 1 తీసేసి 256తో భాగించి చూడమనండి. తర్వాత 641కి చేసినట్టే 65536 నుంచి మొదలుపెట్టి వర్గం చేస్తూ, 274177తో భాగించి శేషాలు రాసుకుంటూ రమ్మనండి. రెండుసార్లు వర్గం చేస్తే చాలు. శేషాలు కాస్త పెద్దవి వస్తాయి, పక్కన చిత్తు కాగితం పెట్టుకోమనండి.